కొల్లేట్లో దాగిన బండి ఱ

ఆకివీడు వైపు వాళ్ళతోనో కైకలూరు వైపు వాళ్ళతోనో కాసేపు మాట్లాడి చూడండి. "ఈ ఏడు కొల్లేట్లో నీళ్ళు ఆలస్యమయ్యాయండీ" అంటారు. అదే మనిషి ఆ వెంటనే "మా అమ్మాయి ఏలూర్లో చదువుకుంటోంది" అంటాడు. ఏలూట్లో అనడు. కొల్లేరు, ఏలూరు రెండూ రు తోనే ముగుస్తాయి. ఒకదాని రు ట అయింది, రెండోదాని రు కదల్లేదు. బడి గడప తొక్కని వాళ్ళు కూడా ఇక్కడ పొరబడరు. ఎవరు నేర్పారు వాళ్ళకి?

రెండూ ఒకే అక్షరం కాదు కాబట్టి. ఏలూరులో ఉన్నది ఊరు, మామూలు ర. దాన్ని పాత వ్యాకర్తలు సాధురేఫ అన్నారు. కొల్లేటిలో వినిపించేది ఏఱు, అంటే నది, వాగు. అందులోది బండి ఱ, శకటరేఫ. ఒకప్పుడు దీని పలుకు వేరు. నాలుక కొనను పైపళ్ళ వెనక గట్టిగా తాకించి పలికేవారు. అది రెట్టించినప్పుడు ట వైపు జారింది. అందుకే ఏఱు ఏటి అయింది, నూఱు నూట అయింది. కొల్లేరు కొల్లేటి అయింది. రాతలోంచి ఆ అక్షరం పోయి చాలా కాలమైంది. నోటిలోంచి మాత్రం పోలేదు.

మా అమ్మమ్మ ఆవకాయ జాడీ మూత తీసి ముందు ఒకటే చూసేది: ఊట పైకి తేలిందా లేదా. ఊరగాయలో ఊరడం ఉంది, ఆ ఊరడం నుంచే ఊట పుట్టింది. అది ఊఱు, ఊఱగాయ. మనం నివసించే ఊరికీ ఊటకీ చుట్టరికం లేదు. వేరు అంటే చెట్టు వేరు, వేఱు అంటే మరొకటి. ఏరు అంటే ఎద్దులు పూన్చిన నాగలి, ఏఱు అంటే పారే నీరు. చేపల చెరువు కూడా నిఘంటువులో చెఱువే. నిడమర్రు అనగానే తలపుకొచ్చే మర్రిచెట్టు కూడా మఱ్ఱే. నన్నయ, తిక్కనల కాలం కవులు ఈ రెండు ర లను ప్రాసలో కలపలేదు. వాళ్ళ చెవికి అవి రెండు వేరు ధ్వనులు. తర్వాతి వాళ్ళకి ఆ తేడా చెవిలోంచి జారిపోయి, కంఠస్థం చేసే జాబితాగా మిగిలింది.

మొదటి మాటలో ఇంకోటి దాగి ఉంది, చూశారా? "ఈ ఏడు" అన్నారు. సంవత్సరం అనే అర్థంలో అది ఏఁడు, అరసున్నతో. పాత ఏండులోని నిండు సున్న నీరసించి అరసున్న అయింది, తర్వాత అదీ పోయింది. వాఁడు అంటే ఆ మనిషి, వాడు అంటే వడలిపోవడం. వారంలో రోజులు ఏడు అన్నప్పటి ఏడు మళ్ళీ వేరు. దాని మూలంలో ఉన్న అక్షరాన్ని ఇప్పుడు చూస్తే చాలామంది పోల్చుకోలేరు: ఴ. తమిళుల ఏఴు, కోఴి మనకు ఏడు, కోడి అయ్యాయి. చోఴులు మన దగ్గర చోడులయ్యారు. తొలి తెలుగు శాసనాల్లో ఈ ఴ కనిపిస్తుంది, తర్వాత తర్వాత కనుమరుగైంది. మూడు అనే మాటలో ఇంకా అరుదైనది, ౚ, ఉండేది. మూన్ౚు అని రాసేవారు.

ఒక అక్షరం పోతే పోయింది, పని జరుగుతోంది కదా అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఏఁడు, ఏడు ఒకేలా రాస్తే ఆ పూటకి నష్టమేమీ లేదు, నిజమే. కానీ కొల్లేరుకి ట ఎందుకొచ్చిందని పిల్లవాడు అడిగితే "అదంతే" అనాల్సి వస్తుంది. బండి ఱ తెలిస్తే జవాబు చెప్పగలం. భాషలో "అదంతే" అన్న చోటల్లా ఇలా ఏదో ఒక పాత అక్షరం నిలబడి ఉంటుంది.

ఈ విషయం మీద మన ప్రాంతానికి కొంత హక్కుంది. ఏలూరుకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో పెదవేగి, ఒకనాటి వేంగి. నాలుగో శతాబ్దంలో శాలంకాయనులు అక్కడినుంచి ఏలారు. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనంలో వేంగి హస్తివర్మ పేరుంది. 1874లో బర్నెల్ దక్షిణ భారత లిపుల మీద పుస్తకం వేసినప్పుడు ఇక్కడి రాగిరేకుల అక్షరాలకు వేంగి లిపి అనే పేరు పెట్టాడు. ఆ వంశపు నందివర్మ రేకులు శాసన గ్రంథాల్లోకి కొల్లేరు పేరుతోనే ఎక్కాయి. తెలుగు, కన్నడ లిపులు దగ్గరి చుట్టాలు. చాలా కాలం ఒకే అక్షరాలతో రాసుకున్నాయి.

అంతకన్నా వెనక్కి పోవాలంటే గుంటుపల్లి కొండెక్కాలి. కామవరపుకోట దారిలో, జీలకర్రగూడెం పక్కన. అక్కడి స్తంభాల మీద బ్రాహ్మిలో, ప్రాకృతంలో ఒక దానం చెక్కి ఉంది. మహామేఘవాహన వంశపు సిరి సద మహారాజు దగ్గర లేఖకుడు చులగోముడు మండపం కట్టించి ఇచ్చాడట. ఇచ్చినవాడు రాజు కాదు, రాజు దగ్గర రాతపని చేసే గుమస్తా. రాజుల పేర్లు ఎన్ని విన్నా రాని సంతోషం నాకు ఈ పేరు దగ్గర వస్తుంది. ఆ పేరులోని గ ను పట్టి చూడండి. బ్రాహ్మిలో గ అంటే రెండు వాలు గీతలు పైన కలిసిన గుడిసె కప్పు, అంతే. దానిమీద తలకట్టు పెట్టండి, ఇవాళ్టి మన గ వచ్చేస్తుంది. మిగతా అక్షరాలు ఎన్నో వేషాలు మార్చాయి, ఈ గుడిసె మాత్రం అలాగే ఉంది.

ర కథ దీనికి తిరగబడింది. బ్రాహ్మిలో అది ఒట్టి నిలువుగీత. శాలంకాయనుల నాటికి గీత కింది కొస పైకి వంగింది. వేంగి చాళుక్యుల కాలంలో ఆ కొస పైకి చేరి, మెలిక తిరిగి, చివరికి గుండ్రమైంది. శాసన పండితులు తేదీ లేని రేకు చేతికొస్తే కాలం కట్టేది ఇలాంటి కొసల్ని చూసే. తలకట్టు ఎంత పొడుగు, క కింది గీత ఎటు వంగింది, ర మూసుకుందా తెరిచి ఉందా అని ఒక్కో అక్షరం దగ్గర ఆగుతారు. ఒకే రేకులో ఒకే అక్షరం రెండు రకాలుగా ఉండడమూ కద్దు. అది తప్పు కాదు. చెక్కినవాడి చేతిలో పాత అలవాటు, కొత్త అలవాటు పక్కపక్కన ఉన్నాయన్నమాట.

వేంగి చాళుక్యుల రాగిరేకుల పనితనం చెప్పుకోవాలి. రేకుల అంచుల్ని కాస్త పైకి మలిచేవారు, ఒకదానిమీద ఒకటి పెట్టినా అక్షరాలు రాసుకుపోకుండా. మొదటి రేకు పైముఖం, చివరి రేకు వెనకముఖం సాధారణంగా ఖాళీగా వదిలేవారు. రేకులన్నిటికీ బెజ్జం పొడిచి కడియం దూర్చి, అతుకు మీద ముద్ర వేసేవారు. ముద్రలో వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, శ్రీ త్రిభువనాంకుశ అన్న అక్షరాలు. ఆజ్ఞ అమలుచేసిన ఆజ్ఞప్తి ఎవరు, పద్యం కట్టినదెవరు, రాసినదెవరు అని చాలా రేకుల చివర చెబుతారు. కడియం కోయకుండా రేకు మార్చడం కుదరదు. భూమి తగవుల్లో ఇంతకన్నా గట్టి కాగితం ఇప్పటికీ లేదేమో.

ఏడో శతాబ్దంలో చైనా భిక్షువు హ్యూన్‌త్సాంగ్ ఈ దేశం తిరిగాడు. అన్‌తలో అని ఆంధ్రాన్ని, పింగ్‌కిలో అని రాజధానిని తన అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ రాజధాని వేంగేనని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి మాట, వాక్యాల కూర్పు మధ్యదేశానికి భిన్నమనీ, అక్షరాల రూపం మాత్రం దాదాపు ఒకటేననీ ఆయన గమనించాడు. రాతకి ప్రాణమిచ్చే దేశం నుంచి వచ్చినవాడు కదా, కన్ను ముందు అక్షరం మీద పడింది. వాళ్ళకి అక్షరం అంటే ఒక మాట. 1716లో పూర్తయిన కాంగ్‌షీ నిఘంటువులో 47 వేలకు పైగా అక్షరాలున్నాయి. ఎన్నింటికో రెండు మూడు రూపాంతరాలు. ఎప్పుడో ఒక్క గ్రంథంలో కనిపించిన రూపాన్ని కూడా వాళ్ళు నిఘంటువులో చోటిచ్చి కాపాడుకున్నారు. మన వర్ణమాల యాభై ఆరు. అందులో అయిదారింటిని మనం సాగనంపేశాం.

రాగి రాజుల సొమ్ము. జనానిది తాటాకు. తాడేపల్లిగూడెం అనగానే నాకు తాడిచెట్టు గుర్తొస్తుంది. ఇక్కడి కాలవగట్ల మీద తాళ్ళకు కొదవలేదు. ఆకును ఎండబెట్టి, కొలతకి కోసి, గంటంతో గీరి, పైన మసి రుద్ది తుడిస్తే గీతల్లో నలుపు నిలిచేది. ఆకు ఈనె వెంట తిన్నగా గీత లాగితే చీలుతుంది. అందుకే మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెబుతారు. మొత్తం కారణం అదొక్కటే కాకపోవచ్చు గానీ, గంటం పట్టి చూసినవాళ్ళకి ఆ మాటలో నిజం చేతికి తెలుస్తుంది. నేనొకసారి ప్రయత్నించాను. ఠ, ర నున్నగా వచ్చాయి. తలకట్టు దగ్గర ఆకు పగిలింది.

ఆకు మీదనుంచి అచ్చులోకి వచ్చేసరికి అచ్చుపెట్టెలో గళ్ళెన్ని పడతాయో లెక్క మొదలైంది. ఏలూరు వెంకట్రామా అండ్ కో వేసిన బడిపుస్తకాలతో ఎన్ని తరాలో చదువుకున్నాయి. పాత అచ్చులో ధర్మం ధమ౯ం అయ్యేది. ఆ పక్కన నిలిచిన మెలికే వలపలగిలక. పొల్లు న కి ౝ అని సొంత రూపం ఉండేది. బ్రౌన్ 1852 నిఘంటువులో ౘ, ౙ లను వేరుగా చూపాడు. చేపలో చ ఒకటి, తుంగతో అల్లే ౘాపలో ౘ మరొకటి. కొల్లేటి గట్టున ఈ రెండు మాటలూ వెంటవెంటనే వినబడతాయి. పలుకులో ఎవరూ కలిపేయరు, రాతలోనే కలిపేశాం.

ఇప్పుడిప్పుడు కొన్ని తిరిగి వస్తున్నాయి. భాషను ప్రేమించేవాళ్ళు కొందరు ఆధారాలు కూర్చి, ప్రతిపాదనలు రాసి పంపితే యూనికోడ్‌లో ౘ, ౙ లకు 2008లో, ఴ కి 2014లో, ౚ కి 2015లో, ౝ కి 2021లో చోటు దొరికింది. శాసన పాఠాన్ని ఉన్నదున్నట్టు తెరమీద చూపడానికి ఇక వంక లేదు. వాళ్ళకి మనం రుణపడి ఉన్నాం.

2008లోనే వచ్చిన ఇంకో గుంపు సంగతి చెప్పాలి. మా ఇంట్లో పాత కవిలె కట్ట ఒకటుంది. ధాన్యం లెక్క. అందులో అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డగీతలు. గంటం జారిన గీతలనుకుని ఏళ్ళ తరబడి వదిలేశాను. కరణీకం ఎరిగిన ఒక ముసలాయన కళ్ళజోడు సర్దుకుని, "అవి గీతలు కావు బాబూ, భిన్నాలు" అన్నారు. మన కొలతలు నాలుగు లెక్కన నడిచేవి: నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. భిన్నాలూ అంతే. అంకె పక్కన మొదటి స్థానం పావులది, అక్కడ నిలువు గీతలు. ౹ పావు, ౺ అర, ౻ ముప్పావు. రెండో స్థానం వీసాలది, అంటే పదహారో వంతులు, అక్కడ అడ్డగీతలు. ౼ వీసం, ౽ పరక. మూడో స్థానం కానులకి మళ్ళీ నిలువు గీతలే. గీత నిలువా అడ్డమా అన్నదాన్ని బట్టి స్థానం తెలిసిపోతుంది, పొరపాటు పడే వీల్లేదు.

ఆయన వేలు పెట్టి చూపించిన వరసలో ౨౻౼ అని ఉంది. చూపు ఆనక ఆకును కిటికీ దగ్గరికి జరిపి, ఒక్కసారి కూడా తడుముకోకుండా చదివారు: "రెండు ముప్పావు వీసం."