వంకర కాళ్లు, ఎదిగే ఎముకలు

పిల్లవాణ్ని నిటారుగా నిలబెట్టి మోకాళ్లు రెండూ ఆనించమనండి. చీలమండలు కూడా దగ్గరికి వస్తే సరే. మోకాళ్లు తాకాక కూడా చీలమండల మధ్య బాగా ఎడం మిగిలితే డాక్టర్లు దాన్ని జెనూ వాల్గం అంటారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో అంత పెద్ద పేరు అక్కర్లేదు, వంకర కాళ్లు అంటే చాలు.

ప్రతి ఎడమూ జబ్బు కాదు. పుట్టిన బిడ్డ కాళ్లు బయటికి వంగి ఉంటాయి. రెండేళ్లకు అవి తిన్నగా వచ్చి, మూడు నాలుగేళ్లకు మోకాళ్లు లోపలికి వాలి, ఏడేళ్లకల్లా పెద్దల కాళ్ల తీరుకు చేరతాయి. ఈ వయసు లెక్క తెలియక నాలుగేళ్ల పిల్లకు కట్లు కట్టించడం, ఖరీదైన బూట్లు తొడిగించడం శుద్ధ దండగ. ఏడు దాటాక వంకర ముదురుతుంటే, లేదా ఒక కాలే వంగుతుంటే అప్పుడు దవాఖానకు పోవాలి.

నల్లగొండలో వంకర ముదిరింది. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బు గురించి రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఇంకో రూపం చూపించారు. వెన్నెముక గట్టిపడుతుంటే కాళ్ల ఎముకలు మాత్రం గుల్లబారి, మోకాళ్లు లోపలికి వాలిపోతున్నాయి. గ్రానైట్ రాతి పొరల్లోంచి ఫ్లోరైడ్ కలిసే బోరునీళ్లు మూలం. కాల్షియం తక్కువైన తిండి దానికి తోడైంది. జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందన్న పరిశీలనా ఉంది, నాగార్జునసాగర్ కట్టాక భూగర్భజలం పైకొచ్చి మాలిబ్డినం పెరిగిందన్న వాదనా ఉంది.

ఇక కత్తి పట్టే చోటికి వద్దాం. పిల్లల మోకాలు చిన్న సైజు పెద్దల మోకాలు కాదు. తొడ ఎముక కింది కొసన, దాని కింది పెద్ద ఎముక పై కొసన ఎదుగుదల పొరలు ఉంటాయి. తొడ ఎముక పొడవులో సుమారు 70 శాతం మోకాలి దగ్గరి పొర నుంచే వస్తుంది. అది ఏటా 9 మిల్లీమీటర్ల దాకా, కింది పొర 6 మిల్లీమీటర్ల దాకా పెంచుతాయి. ఆ పొరకు ఒక పక్కన డ్రిల్లు దెబ్బ తగిలితే ఆ పక్క ఎదుగుదల ఆగిపోవచ్చు, రెండో పక్క సాగుతుంది. ఒక వంకర తీయబోయి ఇంకో వంకర తెచ్చినట్టే. అందుకే పిల్లల ఆపరేషన్‌లో ఎక్స్‌రే తెర మీద ఆ పొర ఎక్కడుందో చూసుకోకుండా స్క్రూ పెట్టరు.

పొర ఒక్కటే కాదు. మోకాలి వెనక గుంటలో మోకాలి కింది భాగానికి రక్తం తెచ్చే పాప్లిటియల్ ధమని ఉంటుంది. బయటి పక్క సన్నటి ఎముక మెడను చుట్టి, చర్మం కిందే పెరోనియల్ నరం పోతుంది. మోకాలి లోపల బరువు పంచే రెండు నెలవంక మృదులాస్థులు, అవే మెనిస్కస్‌లు. లోపలికి వాలిన కాలిలో బరువు బయటి మెనిస్కస్ మీద పడి అది నలుగుతుంది. పుట్టినప్పుడు మెనిస్కస్ అంతటా రక్తం పారుతుంది. పదేళ్లొచ్చేసరికి అది బయటి అంచుకే పరిమితమవుతుంది. చిన్న వయసులో చిరిగితే కోసి పారేయకుండా కుట్టడం మేలనేది అందుకే. అయితే బయటి మెనిస్కస్ వెనక కొస కుట్టేటప్పుడు సూది నేరుగా ఆ ధమని వైపే పోతుంది. పెద్దల కొలతకు చేసిన కుట్టు పరికరం పిల్లల కాలిలో మరీ లోతుకు దిగే ప్రమాదముంది. ముందు ఎమ్మారైలో దూరం కొలవాలి, సూది ఎంత లోతు పోవాలో అక్కడే ఆగేలా అమర్చుకోవాలి, మామూలుగా మోకాలు మడిచి కుట్టాలి.

వంకర తీసే పద్ధతులు రెండు దారుల్లో పోయాయి. రికెట్స్‌తో కాళ్లు వంగిన గ్లాస్గో పేద పిల్లలకు 1870ల్లో సర్జన్ విలియం మెక్‌యువెన్ ఎముకను ఉలితో కోసి సరిచేశాడు. సర్జన్ లిస్టర్ క్రిమినాశక పద్ధతి లేకుంటే ఆ పని సాగేది కాదు. ఎదుగుదల ఆగిన పెద్దవాళ్లకు నేటికీ ఇదే దారి, ఉలి స్థానంలో రంపం, ప్లేటు వచ్చాయంతే. దీంట్లో భయం నరం గురించి. లోపలికి వాలిన మోకాలిని ఒక్కసారిగా తిన్నగా చేస్తే బయటి పక్క నరం సాగుతుంది, పాదం పైకి లేవకుండా పోవచ్చు. వంకర ఎక్కువైతే కొందరు సర్జన్లు ముందు ఆ నరాన్ని వదులు చేస్తారు, కొందరు కొద్దికొద్దిగా సరిచేస్తారు.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చేది, ఎందుకంటే దాంట్లో పని ఎముకే చేసుకుంటుంది. 1949లో సర్జన్ బ్లౌంట్ ఎదుగుదల పొరకు అడ్డంగా లోహపు పిన్నులు కొట్టి ఒక పక్క ఎదుగుదలను ఆపాడు. 2007లో పీటర్ స్టీవెన్స్ రెండు రంధ్రాల చిన్న ప్లేటు గురించి రాశాడు. మోకాలి లోపలి పక్క ఒక స్క్రూ ఎదుగుదల పొరకు పైన, ఇంకోటి కింద. ప్లేటును ఎముక పైపొర మీదే ఉంచుతారు, ఆ పొరను గీకరు. లోపలి పక్క ఎదుగుదల నిదానిస్తుంది, బయటి పక్క సాగుతుంది, నెలలు గడిచేకొద్దీ కాలు తిన్నగా వస్తుంది. ఎముక కోయరు, పిల్లవాడు కొన్నాళ్లకే నడుస్తాడు. అయితే ఎదుగుదల మిగిలి ఉండాలి. ఆడపిల్లలకు 14, మగపిల్లలకు 16 దగ్గర మోకాలి పొరలు మూతపడతాయి. పదో తరగతి అయ్యాక చూద్దామనుకుంటే ఈ దారి మూసుకుపోయినట్టే.

నీళ్లు మారకుండా ప్లేటు పెడితే ఫలితం నిలవకపోవచ్చు. ముందు రక్తంలో కాల్షియం, ఫాస్ఫేట్, విటమిన్ డి, మూత్రపిండాల పని చూసి, ఎముకకు కావాల్సింది ఇవ్వాలి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్‌ను జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ (నీరీ) 1970ల్లో రూపొందించింది, ఈ జిల్లా పేరు దాంతో దేశాలు తిరిగింది. ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాక ఊళ్లలో బోరింగుల మీద ఆధారపడడం తగ్గింది. కానీ పొలంలో దాహమైతే బోరునీళ్లే తాగే అలవాటు ఇంకా ఉన్నచోట ప్లేటు పెట్టే సర్జన్ ఆ సంగతీ అడగాలి.

ఇంకో చిక్కు వలసలు ఎక్కువున్న పాలమూరు (మహబూబ్‌నగర్) వైపుది. ప్లేటు పెట్టాక సుమారు మూడు నెలలకోసారి ఎక్స్‌రే తీయాలి, కాలు తిన్నగా అయిన వెంటనే స్క్రూలు తీసేయాలి. ఆలస్యమైతే కాలు రెండో వైపు వంగడం మొదలుపెడుతుంది. తీశాక కూడా వంకర కొంత తిరిగి రావచ్చు, ఎదుగుదల ఆగేదాకా చూపించుకుంటూ ఉండాలి. పిల్లలతో సహా ముంబై, పుణె పనులకు వలసపోయే ఇంటికి ఇది ఆపరేషన్ కంటే కష్టం. కాబట్టి ఎప్పుడు ఊళ్లో ఉంటారో, పండుగకు ఎప్పుడొస్తారో, ఎవరి ఫోన్ ఎప్పుడూ పలుకుతుందో ఆపరేషన్ తేదీ రాసేముందే కాగితం మీదికి ఎక్కాలి. ఆ వరసలో మూడు నెలల తనిఖీలు కుదరని ఇంటి పిల్లకు ప్లేటు పెట్టకుండా ఆగి, వేరే దారి మాట్లాడడమే మేలు.