దండనయు, బాలుడును

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల సర్కారు బడిపంతులు తప్పుచేసినచో శిక్షను 1991 నాటి సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమములు తీర్చును. అభిశంసన మొదలు బర్తరఫు వఱకు వానియందు మెట్లు గలవు. ఇంక్రిమెంటును కొంతకాలము ఆపుట స్వల్పదండన. నష్టము శాశ్వతమగునట్లు ఆపుట తీవ్రదండన. రెండవదానికి పూర్తి విచారణ వలయునని కుల్వంత్ సింగ్ గిల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1990లో తీర్పుచెప్పెను. ఉద్యోగికిది న్యాయమే, కాదనము. కాని ఈ మెట్లన్నియు జీతమును, కొలువును కొలచునవే! 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పిల్లలను కొట్టుటను, మనసు నొప్పించి వేధించుటను నిషేధించియు, దండనను మరల సర్వీసు నియమములకే అప్పగించినది. కోరుట్లలో బీడీలచాట దించి, సిరిసిల్లలో మరమగ్గమాపి, ఒకనాటి కూలి వదలుకొని సాక్ష్యమీయ వచ్చిన తలిదండ్రులకు ఇంక్రిమెంటుతో నేమి పని? తమ బిడ్డ రేపు ఎవరి తరగతిలో కూర్చుండునో వారికి తెలియవలయును. దండన నిర్ణయించు అధికారి ఉత్తర్వున మొదట దానికి బదులు వ్రాయవలదా?