పొడుగు మాట విప్పితేనే అందం

ఇంగ్లిషులో అన్నిటికంటే పెద్ద మాట ఏదని అడిగితే మన బడి పిల్లల్లో కొందరు తడుముకోకుండా అందుకుంటారు: న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసి, ఎదుటివాళ్లు నోరు తెరిస్తే మురిసిపోతారు. అంతటితో ఆట ముగిసిందనుకుంటారు. పదక్రీడల మీద మక్కువ ఉన్నవాళ్లకు మాత్రం ఆట మొదలయ్యేది అక్కడే. పెద్ద మాటను వాళ్లు ముక్కలు విప్పి చూస్తారు, అక్షరాలు విడదీసి చూస్తారు. ఆ రెండు చూపులూ అలవడితే ఇంగ్లిషంటే ఉండే బెదురు సగం పోతుందని నా గట్టి నమ్మకం.

ఆ 45 అక్షరాల మాటను పెట్టింది వైద్యులు కాదు, పజిళ్ల ప్రియులు. అమెరికాలో నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే సంఘం ఉంది. 1883 జులై 4న న్యూయార్క్‌లో పుట్టింది. ఇప్పటికీ నడుస్తోంది. అందులో సభ్యులు ఒకరినొకరు కలం పేర్లతో పిలుచుకుంటారు. ‘ది ఎనిగ్మా’ అనే సొంత పత్రికలో పజిళ్లు కూర్చి ఒకరికొకరు సవాళ్లు విసురుకుంటారు. 1935లో ఆ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న ఎవరెట్ స్మిత్, వైద్యంలో మాటలు రోజురోజుకీ సాగిపోతున్న తీరును అనుకరిస్తూ ఈ మాటను అల్లారు. ఒక వార్తాపత్రికలో అచ్చయింది. నాలుగేళ్లకే వెబ్‌స్టర్ నిఘంటువు అనుబంధంలోకి ఎక్కింది.

దీన్ని విప్పాలంటే కొస నుంచి మొదలుపెట్టాలి. చివర ఉన్న ‘ఓసిస్’ జబ్బును సూచించే గ్రీకు ప్రత్యయం. దాని ముందున్న ‘కోని’ గ్రీకులో దుమ్ము. ‘వాల్కేనో’ అగ్నిపర్వతం. ‘సిలికో’ అంటే సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం. ‘అల్ట్రామైక్రోస్కోపిక్’ అంటే మైక్రోస్కోపుకు కూడా అందనంత సన్నని. మొదట ఉన్న ‘న్యుమోనో’ ఊపిరితిత్తి. కలిపి చూస్తే, అగ్నిపర్వతం చిమ్మిన అతి సన్నని సిలికా దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు. ఇంత పొడుగు పేరు లేకుండా సిలికోసిస్ అంటారే, రాతి గనుల్లోనూ క్రషర్ల దగ్గరా పనిచేసేవాళ్ల ప్రాణాలు తోడేస్తున్న రోగం, అదే ఇది. సమాసానికి విగ్రహవాక్యం చెప్పడం నేర్చిన తెలుగు విద్యార్థికి ఈ పని కొత్తేం కాదు.

ఇంగ్లిషు మాట పొడుగెక్కే దారులు రెండు మూడున్నాయి. ఒకటి, రెండు చివరలా ముక్కలు తగిలించుకుంటూ పోవడం. 28 అక్షరాల ‘యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం’ ఇలా పుట్టింది. నడిమధ్యన ఉన్నది ‘ఎస్టాబ్లిష్’, నెలకొల్పడం. ఇంగ్లండులో ప్రభుత్వానికీ చర్చికీ ఉన్న అధికార బంధం అన్నమాట. ముందు ‘డిస్’ చేరితే ఆ బంధాన్ని తెంచడం. ఇంకా ముందు ‘యాంటీ’ చేరితే తెంచడాన్ని అడ్డుకోవడం. వెనక చేరిన ‘మెంట్’, ‘ఏరియన్’, ‘ఇజం’ దాన్నొక సిద్ధాంతం చేశాయి. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో చర్చి గురించి జరిగిన వాదం అంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది.

రెండో దారి, ఒకే అర్థమున్న ముక్కల్ని వరసగా పేర్చడం. ‘ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్’లో 29 అక్షరాలు. లాటిన్ వ్యాకరణం బట్టీ పట్టిన బడి చదువుల వాసన దీనికుంది. ఉన్నిపోగు, అల్పవస్తువు, శూన్యం, వెంట్రుక అనే నాలుగు లాటిన్ మాటలు ఇందులో వరసగా కూర్చున్నాయి. నాలుగూ ‘విలువ లేనిది’ అనడానికి వాడేవే. ఒకదాన్ని పూచికపుల్లలా తీసిపారేయడమని మొత్తం అర్థం. 1741లో విలియం షెన్‌స్టోన్ అనే కవి రాసిన ఉత్తరంలోనే ఇది కనిపిస్తుంది. అక్షరాల వైపు చూస్తే ఇంకో సంగతి. ‘ఐ’ తొమ్మిది సార్లు వస్తుంది. ఇంగ్లిషులో అన్నిటికంటే ఎక్కువగా వాడే ‘ఇ’ ఒక్కసారీ రాదు.

ఇదే రెండో చూపు. అర్థాన్ని కాసేపు పక్కన పెట్టి అక్షరాల పోహళింపును గమనించడం. షేక్‌స్పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకంలో ఒక విదూషక పాత్ర నోట పలికించిన ‘హొనొరిఫికబిలిటుడినిటాటిబుస్’ను తీసుకోండి. 27 అక్షరాల్లో హల్లు, అచ్చు, హల్లు, అచ్చు అంటూ ఎక్కడా తప్పకుండా నడుస్తుంది. తెలుగు లిపిలో రాసి చూడండి, ఒక్క ఒత్తు కూడా పడదు. దీనికి సరిగ్గా ఎదురు కొసన ‘స్ట్రెంగ్త్స్’ ఉంది. తొమ్మిది అక్షరాల్లో ఒకే ఒక్క అచ్చు, తక్కినవన్నీ హల్లులే. మన లిపిలో ఒత్తుల మీద ఒత్తులు పడతాయి. లిపి మారగానే రెంటి నడకా కంటికే తెలిసిపోతుంది. ఇది తెలుగువాళ్లకు దక్కిన వీలు.

పునరుక్తి లేని మాటల వేట ఈ సంప్రదాయంలో చాలా ప్రియమైనది. ఏ అక్షరమూ రెండోసారి రాని పదాన్ని ఐసోగ్రామ్ అంటారు. ‘అన్‌కాపీరైటబుల్’ పేరుమోసిన ఐసోగ్రామ్. యు, ఎన్, సి, ఓ, పి, వై, ఆర్, ఐ, జి, హెచ్, టి, ఎ, బి, ఎల్, ఇ. మొత్తం 15 అక్షరాలు, ఏదీ తిరిగి రాలేదు. అయిదు అచ్చులూ వచ్చాయి, వాటికి తోడు ‘వై’ కూడా. ‘డెర్మటోగ్లిఫిక్స్’ కూడా ఇలాంటిదే, అదే 15 అక్షరాలు. వేలిముద్రల వంటి చర్మరేఖలను పరిశీలించే శాస్త్రం పేరది. స్క్రాబుల్ బోర్డు మీద ఒక వరసలో గళ్లు కూడా పదిహేనే. ఆ ఆటను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్, ఆర్థికమాంద్యంలో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో వార్తాపత్రికలు ముందేసుకుని లెక్కపెట్టి మరీ బిళ్లల సంఖ్యనూ మార్కులనూ నిర్ణయించారు. అందుకే ‘ఇ’ బిళ్లలు 12, ‘క్యూ’ ఒక్కటే.

ఒక్క మాటతో ఆగకుండా పదబంధాలకు వెళ్తే అక్షరాలను తారుమారు చేసే అనాగ్రామ్ ఉంది. ఏదో ఒక మాట వస్తే సరిపోదు, మొదటి దాని అర్థానికి అతికేలా ఉండాలన్నది ఈ ఆటగాళ్ల నియమం. ‘ఎలెవెన్ ప్లస్ టూ’లోని అక్షరాలు మారిస్తే ‘ట్వెల్వ్ ప్లస్ వన్’ వస్తుంది. పదకొండుకు రెండు కలిపినా, పన్నెండుకు ఒకటి కలిపినా పదమూడే. ఒక్కో పదబంధంలో అక్షరాలూ పదమూడే. ఇలాంటివి ఎవరూ సృష్టించినవి కావు. భాషలో దాగి ఉండగా ఓపికున్నవాళ్లు పట్టుకున్నవి. ఓపికకు వివేకం తోడు లేకపోతే చేటు కూడా ఉంది. షేక్‌స్పియర్ వాడిన ఆ 27 అక్షరాలను తారుమారు చేసి, ఆయన నాటకాలు తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ రాసినవేనని చెప్పే లాటిన్ వాక్యాన్ని 1910లో ఒకాయన అచ్చేయించారు. అన్ని అక్షరాలు చేతిలో ఉంటే కావలసిన వాక్యం ఏదో ఒకటి పుట్టించవచ్చు. అనాగ్రామ్ వినోదమే తప్ప సాక్ష్యం కాదు.

ఈ విద్య విలువ తెలియాలంటే అమెరికాలో 1925 నుంచి నడుస్తున్న జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలు చూడాలి. అక్కడి భారతీయ కుటుంబాల పిల్లలకు ఇలాంటి పోటీల్లో తర్ఫీదు దొరకడానికి 1989లో రత్నం చిట్టూరి స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ గట్టి పునాది వేసింది. తెలుగు మూలాలున్న పిల్లలు అక్కడ గెలిచిన మాటలు గమనించండి. 2003లో సాయి గుంటూరికి ‘పోకోక్యురాంటే’, 2018లో కార్తీక్ నెమ్మానికి ‘కొయ్‌నోనియా’, 2024లో బృహత్ సోమకు ‘ఆబ్‌సైల్’. వరసగా 11, ఎనిమిది, ఆరు అక్షరాలు. పొడుగే కష్టమైతే విజేతను తేల్చే మాట ఆరక్షరాలది అయ్యేది కాదు. వేదిక మీద పిల్లలు అడిగేది చూడండి: ఏ భాష నుంచి వచ్చింది? అర్థమేమిటి? ఆబ్‌సైల్ జర్మన్ మాట. కిందికి అనే ముక్క, తాడు అనే ముక్క కలిసి, తాడు సాయంతో కొండ దిగడం అయింది. పుట్టిల్లు తెలిస్తే స్పెల్లింగు దారి దానంతటదే దొరుకుతుంది. పొడుగు మాటలు ఈ తర్ఫీదుకు మంచి సాము గరిడీలు, ఎందుకంటే ఒక్కదాన్ని విప్పితే అరడజను మూలాలు చేతికొస్తాయి.

అందుకే ఇంగ్లిషు టీచర్లకూ తల్లిదండ్రులకూ నా మనవి ఒక్కటే. పిల్లవాడు ఆ 45 అక్షరాల మాటను అప్పజెప్పినప్పుడు చప్పట్లతో సరిపెట్టకండి. ‘ఓసిస్’తో ముగిసే మాటలు ఇంకా ఏమున్నాయని అడగండి. ట్యూబర్‌క్యులోసిస్, ఫ్లోరోసిస్, సిలికోసిస్ అని వాడు వెతికి తెస్తాడు. రేపు ఆసుపత్రి రిపోర్టులోనో, కోర్టు కాగితంలోనో, సైన్సు పుస్తకంలోనో ఎన్నడూ చూడని మాట ఎదురైతే బిక్కచచ్చిపోడు. కొస నుంచి ఒక్కో ముక్కా విప్పుకుంటూ అర్థం దగ్గరికి తానే చేరుకుంటాడు.