పెద్దదానివి కదా!

తల్లిదండ్రులను కథలోంచి తప్పించడం పిల్లల నవలల్లో పాత ఉపాయమే. పెద్దవాళ్లు పక్కనుంటే పిల్లలకు సాహసాలెక్కడివి? అయితే అమ్మానాన్నలు తప్పుకున్నాక వాళ్ల పని ఎవరో ఒకరు చేయాలి. అన్నం ఎవరు పెడతారు, డబ్బు ఎవరి దగ్గరుంటుంది, చిన్నది రాత్రి ఏడిస్తే ఎవరు లేస్తారు? చాలామంది రచయితలు ఈ ప్రశ్నలను దాటేస్తారు. సింథియా వాయిట్ ‘హోమ్‌కమింగ్’ (1981), రీటా విలియమ్స్-గార్సియా ‘వన్ క్రేజీ సమ్మర్’ (2010) మాత్రం వాటి మీదే నడుస్తాయి. రెండూ అమెరికా నవలలు. రెండింట్లోనూ తల్లి వదిలేసిన పిల్లలున్నారు, వాళ్లను వెంటేసుకు తిరిగే పెద్దపిల్ల ఉంది.

వాయిట్ కథలో ఆ పిల్ల పదమూడేళ్ల డైసీ. తల్లి నలుగురు పిల్లలనూ ఒక షాపింగ్ మాల్ బయట కారులో కూర్చోబెట్టి, డైసీ చెప్పినట్టు వినండని చిన్నవాళ్లతో చెప్పి వెళ్తుంది. ఇక రాదు. బాధ్యత చేతులు మారడానికి పట్టింది అంతే. అక్కణ్నుంచి బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఉందనుకున్న బంధువు ఇంటి దాకా నలుగురూ కాలినడకన బయల్దేరతారు. తీరా చేరితే ఆవిడ చనిపోయి ఉంటుంది. ఆ ఇంట్లో ఇమడలేక, మేరీలాండ్‌లో ఎన్నడూ చూడని అమ్మమ్మ ఉందని తెలిసి మళ్లీ ప్రయాణం. ఈ నవల ప్రాణమంతా లెక్కల్లో ఉంది. ఉన్న డబ్బుకు ఎంత రొట్టె వస్తుంది, ఆరేళ్ల శామీ రోజుకు ఎంత దూరం నడవగలడు, ఎవరైనా ఆరా తీస్తే ఏ అబద్ధం చెప్పాలి? పిల్లల ఆకలిని ఇంత నిక్కచ్చిగా, జాలి కలపకుండా రాసిన నవల నాకు వెంటనే మరొకటి గుర్తు రావడం లేదు.

కానీ ఆ లెక్కల ఉరవడిలో ఒక మాట మరుగున పడిపోతుంది. డైసీ బుర్ర ఎప్పుడూ తర్వాతి పూట మీదే ఉంటుంది, ఆమె వెంట పరుగెత్తే మన బుర్రా అంతే. ఈ బరువు ఈ పిల్ల మోయాల్సిందేనా అని ఆగి అడిగే తీరిక నవల మనకివ్వదు. డైసీ సమర్థత మెచ్చుకుంటూ పేజీలు తిప్పేస్తాం. మన ఇళ్లలో ‘పెద్దదానివి కదా’ అని పొగిడి పని చేయించుకోవడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

విలియమ్స్-గార్సియా కథను డెల్ఫీన్ నోటితోనే చెప్పించింది. తేడా అంతా అక్కడే. 1968 వేసవిలో పదకొండేళ్ల డెల్ఫీన్, చెల్లెళ్లు వొనెటా, ఫెర్న్ బ్రూక్లిన్ నుంచి ఓక్లాండ్‌లో ఉన్న, తమను ఎప్పుడో వదిలేసిన తల్లి సెసీల్ దగ్గరకు వెళ్తారు. తను లేకపోతే చెల్లెళ్లకు గడవదని డెల్ఫీన్‌కు గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో ప్రేమ ఎంతుందో గర్వమూ అంతే ఉంది. ఉత్తమ పురుష కథనం కాబట్టి ఆ గర్వం మన చెవికి సూటిగా తగులుతుంది. డైసీ విషయంలో ఈ వీలు లేదు.

ఇక్కడ తల్లి కనుమరుగు కాలేదు. ఎదురుగానే ఉంటుంది, పిల్లలే అక్కర్లేదు. కవిత్వం రాసి అచ్చువేసుకునే సెసీల్ వాళ్లను వంటగదిలో అడుగుపెట్టనివ్వదు, ఆమె అచ్చు యంత్రం ఉండేది అక్కడే. రాత్రి భోజనం చైనీస్ హోటల్ నుంచి, పొద్దుటి టిఫిన్ నల్లవారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ల కేంద్రంలో. (చరిత్రలో పాంథర్ల ఉచిత టిఫిన్ కార్యక్రమం 1969 జనవరిలో మొదలైంది, నవల దాన్ని ముందటి వేసవికే తెచ్చేసింది. కథకు ఆ మాత్రం చనువు ఉండనీయండి.) ఇక హోటల్ తిండి చాలని డెల్ఫీన్ కోడిమాంసం కొనితెచ్చి, పట్టుబట్టి ఆ వంటగదిలో వండుతుంది. చదువుతుంటే గెలిచిందనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే, తల్లి గదిలోకి ఆ పిల్లకు దారి దొరికింది వంటమనిషిగానే. విలియమ్స్-గార్సియా ఈ రెండింటినీ ఒకే సన్నివేశంలో ఉంచి, వ్యాఖ్యానం లేకుండా వదిలేసింది. ‘హోమ్‌కమింగ్’ మొత్తంలో ఇంత పదునైన చోటు లేదు.

చివరికి సెసీల్ తన బాల్యం ఎలా గడిచిందో చెప్పి, నీ వయసుకు తగ్గట్టు ఉండమని డెల్ఫీన్‌కు సలహా ఇస్తుంది. మాట నిజమే. చెబుతున్నది మాత్రం ఆ పిల్లను ముందే పెద్దదాన్ని చేసిన మనిషి! ఈ విషయంలో నాకు వాయిట్ అమ్మమ్మే నచ్చుతుంది. ఆవిడ మాట కటువు, మొదట పిల్లలను ఉంచుకోనని తెగేసి చెబుతుంది. ఆవిడ తరిమేయకుండా డైసీ రోజుకో పని వెతికి అందరి చేతా చేయిస్తుంది. ఆఖరికి ఉండిపొమ్మన్నాక అమ్మమ్మ సలహాలివ్వదు, బాధ్యతలో తన వాటా తీసుకుంటుంది. న్యూబెరీ పతకం పొందిన తర్వాతి నవల ‘డైసీస్ సాంగ్’ అసలు కథే అది: అన్నీ ఒక్కతే చేసుకొచ్చిన పిల్లకు, పక్కన ఇంకొకరు చేస్తుంటే ఊరుకోవడం ఎంత కష్టమో!

డయానా విన్ జోన్స్ ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’ (1986) ఇదే సంగతిని నవ్వుతూ చెబుతుంది. ముగ్గురు అక్కచెల్లెళ్లలో పెద్దదైన సోఫీ, కథల్లో పెద్దపిల్లకు కలిసిరాదు కాబట్టి తనకూ అంతేనని టోపీల దుకాణంలో జీతం లేకుండా కుడుతూ కూర్చుంటుంది. సవతి తల్లి నిన్ను వాడుకుంటోందని చెల్లెలు చెప్పాల్సి వస్తుంది. డైసీకి గానీ డెల్ఫీన్‌కు గానీ ఆ మాట చెప్పే చెల్లెలు లేదు.

అసలు చెల్లెళ్ల వైపు నుంచి చూస్తే ఈ పెద్దరికం ఎలా ఉంటుంది? వాయిట్ కథలో చిన్నవాళ్లు ఎదురుతిరిగినా అది దారిలో వచ్చే చిక్కుల్లో ఒకటిగానే మిగిలిపోతుంది. విలియమ్స్-గార్సియా ఆ ప్రశ్నను ఈ అక్కచెల్లెళ్ల కథల్లో మూడో పుస్తకం ‘గాన్ క్రేజీ ఇన్ అలబామా’ (2015) దాకా లాక్కొచ్చింది. అందులో సుడిగాలి వచ్చినప్పుడు వొనెటా కనిపించకుండా పోతుంది. పుట్టిన దగ్గర్నుంచీ కనిపెట్టుకుని ఉన్న చెల్లెలితో తను ఎలా ప్రవర్తించిందో డెల్ఫీన్ తవ్వుకుంటుంది. ఎవరూ ఆమెను ఓదార్చి తప్పు లేదనరు, రచయిత్రి కూడా అనదు.