‘నాన్న ఏం చేస్తారు?’

కంపెనీలు నిరుద్యోగులకు దారి చూపుతున్నాయట. 2006లో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట గట్టిగా లేచినప్పుడు పరిశ్రమాధిపతుల సంఘాలు చెప్పిన జవాబూ ఇదే: కోటా వద్దు, మా అంతట మేమే శిక్షణ ఇస్తాం. అంటే లోపం మనోళ్ల చేతుల్లోనే ఉందని తేల్చేశారు.

మరి చదువు, అనుభవం ఉన్నోళ్ల సంగతేంది? సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో అచ్చేసిన అధ్యయనం దీన్ని నేరుగా పరీక్షించింది. పత్రికల్లో పడ్డ 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానంగా ఉన్నచోట కూడా దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండొంతులే. ముస్లిం పేరుకైతే మూడో వంతు. ఇంకా మొహం చూడలేదు, నోరు విప్పలేదు, అప్పుడే ఇది!

అదే ఏడు అచ్చయిన అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ నియామకాలు చేసే అధికారులతో మాట్లాడారు. కులం చూడం, మెరిటే చూస్తాం అన్నారు వాళ్లు. ‘కుటుంబ నేపథ్యం’ మాత్రం చూస్తారట. నన్నూ ఒక ఆఫీసులో అడిగారు, నాన్న ఏం చేస్తారని. కూలి అన్నాను. తర్వాత ప్రశ్నలే లేవు. పీజీ సర్టిఫికెట్ ఫైల్లోంచి బయటికే రాలేదు.

2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో సగం నిధులు ఎస్సీ, ఎస్టీలకని రాశారు. మంచిదే. కానీ మన పిల్లను ఏ పనిలో పెట్టారు, అక్కడ ఎన్నాళ్లుంది, హాస్టల్ కిరాయి పోను చేతిలో ఎంత మిగిలింది? లెక్క అక్కడ తీయాలి. ఏ కుర్చీలో ఏ కులపోళ్లున్నారో కంపెనీలు అచ్చేయాలి. సెక్యూరిటీ గార్డునీ, మేనేజర్నీ ‘ఉద్యోగాలు’ అనే ఒకే గడిలో కలిపేస్తే మనకేం తెలుస్తది?