మంచులో తెల్ల స్తంభం

అమెరికాలోని మేన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ హెడ్ లైట్‌హౌస్ మొదటిసారి వెలిగింది 1791లో. చలికాలం తెల్లవారుజామున అక్కడ కెమెరాతో నిలబడేవాళ్లంటే నాకెంతో గౌరవం. తెల్లటి స్తంభం, కింద తెల్లటి మంచు. ఏమరితే రెండూ కలిసిపోతాయి. అందుకే కాపలాదారు ఇంటి ఎర్రకప్పును ఫ్రేములోంచి జారనివ్వరు. కెమెరా మీటరు మంచును బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజరు ఒక స్టాపో, ఒకటిన్నరో పెంచుతారు. స్తంభాన్ని ఓ పక్కకు జరిపి, మిగతా చోటంతా సముద్రానికి వదిలేస్తారు. ఎంత ధైర్యం కావాలి దానికి!

ఎముకలు కొరికే చలిలో నీళ్ల మీంచి ఆవిరి లేస్తుంది, వేడి గంజి మీద లేచినట్టే. అది రాళ్లను కప్పేసి స్తంభాన్ని మాత్రం వదిలే క్షణం కోసం, వేళ్లు కొంకర్లు పోతున్నా కాచుకుంటారు. అలాంటి ఫొటో కంటబడితే గబగబా దాటేయకండి, ఒక్క నిమిషం ఆగి చూడండి.