కేటీకి అందని ఆట

గచ్చిబౌలిలో రాత్రి పది దాటాక టర్ఫ్ మైదానాల్లో అసలు సందడి మొదలవుతుంది. ఐడీ కార్డులు బ్యాగుల్లోకి, బూట్లు కాళ్లకి. గంట అద్దె తలా కొంత వేసుకుని, జట్టుకి ఐదుగురు చొప్పున దిగుతారు. బంతి ఒకడి కాలికి తగిలిందో లేదో మూడు గొంతులు లేస్తాయి. "పాస్ ఇయ్యి రా!" "నువ్వే కొట్టు!" "ఎన్కకియ్యి!" ఎవరి మాట వినాలో తేల్చుకునేలోపు ఎదుటివాడు బంతి లాక్కుపోతాడు. ఆ కుర్రాడు అరుపులు విన్నాడు గానీ, మీదికొస్తున్నవాణ్ణి చూడలేదు.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్లో ఈ చూపు మీదే ఒక పద్ధతి మొత్తం నిలబడింది. దాని పేరు ట్రిపుల్ ఆప్షన్. అది కోలబంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఎదుటి వరుసలో చివరన ఉన్న డిఫెండర్‌ని కావాలనే ఎవరూ అడ్డుకోరు. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ తన వెనకున్న ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గర బంతి పెట్టి, ఇచ్చీ ఇవ్వనట్టు పట్టుకుని, ఆ డిఫెండర్‌నే చూస్తుంటాడు. వాడు ఫుల్‌బ్యాక్ మీదికి పోతే బంతి వెనక్కి లాక్కుని తనే అంచు వైపు ఉరుకుతాడు. అక్కడ ఇంకొకడు తగిలితే పక్కనే పరిగెత్తుకొస్తున్న తోటివాడికి విసురుతాడు. అరక్షణంలో తేలాల్సిన సంగతి ఇది. గీత బయట నిలబడ్డ కోచ్‌కి అందులో చోటు లేదు. కబడ్డీ చూసి పెరిగినవాళ్లకి దీని లోగుట్టు వేరే చెప్పక్కర్లేదు. కూతకెళ్లినవాడు బోనస్ గీత తొక్కాలా, చెయ్యి చాపాలా అన్నది ఎదుటివాడి కాలు కదిలాకే కదా తేల్చుకునేది!

అట్లాంటాలోని జార్జియా టెక్, మన ఇంజినీరింగ్ పిల్లలు ఎమ్మెస్ కోసం ఆశగా దరఖాస్తు పెట్టే చోటు. అక్కడ పాల్ జాన్సన్ 2008 నుంచి 2018 దాకా పదకొండు సీజన్లు ఈ ఆటే ఆడించి 82 మ్యాచ్‌లు గెలిపించాడు. ఆయన తప్పుకున్నాక వచ్చిన జెఫ్ కాలిన్స్ పద్ధతి మార్చేశాడు. జట్టులో ఉన్నది మాత్రం పాత ఆట కోసం ఏరుకున్న పిల్లలు. పరుగు ఆటలో చురుగ్గా కదిలి దారి తీసే అలవాటు వేరు, బంతి విసిరేవాడి చుట్టూ గోడలా నిలబడే అలవాటు వేరు. 2019, 2020, 2021 సీజన్లలో మూడేసి గెలుపులే. 2022 సెప్టెంబరులో కాలిన్స్‌ని పంపించేశారు.

ఇలా మనిషి మారినప్పటి తంటా మన ఆఫీసుల్లోనూ ఉంది. హైటెక్ సిటీలో ఎవరైనా రాజీనామా చేస్తే ముందు అడిగేది 'కేటీ ఇచ్చాడా?' అని. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అన్నమాట. రెండు వారాలు కూర్చోబెట్టి, స్క్రీన్ షేర్ చేసి, డాక్యుమెంట్లు అప్పగించి వెళ్తారు. పాస్‌వర్డులు అందుతాయి. సర్వర్ మొరాయించినప్పుడు ముందు ఏ లాగ్ తెరవాలో పసిగట్టే చూపు మాత్రం ఆ మనిషితోనే పోతుంది.

ఇదే గచ్చిబౌలిలో, జీఎంసీ బాలయోగి స్టేడియం సొంత మైదానంగా, 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. తొలి సీజన్లో 18 మ్యాచ్‌లకి 10 పాయింట్లు, అట్టడుగు స్థానం. కోచ్ ఫిల్ బ్రౌన్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. తర్వాత కుదిరిన ఆల్బర్ట్ రోకాని బార్సిలోనా పిలిచింది. అలా 2020 ఆగస్టు చివర్లో స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. లిస్టన్ కొలాసో, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లని నమ్మి ఆడించాడు. మొదటి ఏడు ఐదో స్థానం. రెండో ఏడు, 2022 మార్చి 20న, ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఓటమికి రెండు నిమిషాల దూరంలో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టి స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు మనదైంది. కోవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది కాబట్టి సొంత ఊరి జనంలో చాలామంది టీవీలోనే చూశారు.

కొలాసో అప్పటికే కోల్‌కతా వెళ్లిపోయాడు. 2022లో రాయ్ కూడా అక్కడికే. 2023లో మార్కెజ్ గోవాకి, మిశ్రా ముంబయికి. డబ్బు ఇబ్బందులూ తోడయ్యాయి. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు, 8 పాయింట్లు. కేటీ తీసుకోవాల్సిన వాళ్లే మిగల్లేదు.

ఈ ఊరికి ఇంకో పద్ధతి తెలుసు. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుని చేపట్టి, 1963లో క్యాన్సర్‌తో పోయేదాకా వదల్లేదు. 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు తెచ్చారు. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి కాలి దగ్గర ఉంచుకునే వీల్లేకపోతే, అది రాకముందే చుట్టూ చూసుకోక తప్పదు మరి. భారత జట్టు కోచ్‌గా 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. జర్నైల్ సెమీస్‌లో ఒకటి, ఫైనల్లో ఒకటి కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం.

రహీం కూర్చున్న ఆ కుర్చీలోకి 2024లో మార్కెజ్ వచ్చాడు. సెప్టెంబరులో భారత కోచ్‌గా ఆయన తొలి మ్యాచ్‌లు గచ్చిబౌలిలోనే జరిగాయి. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. ఏడాదికే, 2025 జులైలో, తప్పుకున్నాడు. అదే ఏడు హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా పేరు మార్చుకుని ఢిల్లీ తరలిపోయింది.

టర్ఫ్ మీద ఆట ఇంకా సాగుతోంది. వార్మప్‌కి ఎవరో నిబంధన పెట్టారు. రెండే టచ్‌లు, మూడోది పడితే బంతి అవతలి జట్టుకి. కాసేపటికి అరుపులు తగ్గాయి. ఇందాక బంతి పోగొట్టుకున్న కుర్రాడు, పాస్ ఇంకా దారిలో ఉండగానే, తలెత్తి అటూ ఇటూ చూస్తున్నాడు.